నేను గీసిన చుక్కల అట్టలు

"బొమ్మలు వద్దన్నా. రంగులొక్కటి నేర్పు, సాలు," అన్నాడు ఆయన, చెప్పులు గుమ్మం బయట విడుస్తూ.

గోదావరిఖనిలో ముప్పై ఏళ్ళుగా బొమ్మలు గీసి బతుకుతున్నాను. పదేళ్ళుగా ఆదివారం పొద్దున ఇంటి ముందు గదిలో నేర్పుతున్నాను కూడా. గణపతి బొమ్మ వేయడం నేర్పమని వచ్చినవాళ్ళున్నారు. చనిపోయిన నాయన ముఖం తామే గీసుకుంటామని వచ్చినవాళ్ళున్నారు. పిల్లల అల్లరి ఇంట్లో పడలేక నా మీదికి తోలినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒట్టి రంగులు అడిగినవాణ్ణి మాత్రం ఆయన్నే చూశాను. హోటలుకొచ్చి ఒట్టి ఉప్పు తెమ్మన్నట్టుంది.

"రంగులు నేర్చుకొని ఏం జేస్తవు తమ్మీ, హోలీ ఆడ్తవా?" అన్నాను.

నవ్వలేదు. నలభై దాటిన మనిషి. ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. ఆ బండి టైరు పక్కన నిలబడితే మనిషి దాని పైఅంచు దాకా కూడా రాడు. అంత బండిని నడిపే చేతులతో పిల్లలు వాడే సన్న కుంచె పట్టుకుని, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఎనిమిదో తరగతి నన్ను చూడలేదు, నేను దాన్ని చూడలేదు. బోర్డులు రాసే ఒక పెయింటరు దగ్గర చేరాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండానే ఇంగ్లీషు బోర్డులు రాశాను. అక్షరాన్ని బొమ్మలాగా చూసి దించేవాణ్ణి. ఇంగ్లీషు చదవడం రాదని ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని ఊడ్చుకుపోయింది. గనుల గోడల మీద జాగ్రత్తలు రాసే పని మిగిలింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, అతని కోసం గుమ్మంలో ఎదురుచూసే పెళ్ళాం, చంకలో బిడ్డ. ఆ ముగ్గుర్నీ ఎన్ని గోడల మీద గీశానో లెక్కలేదు. ఆ బిడ్డకు ఈపాటికి పెళ్ళి కావలసింది, ఇంకా చంక దిగలేదు.

మా క్లాసులో అప్పుడు ఆరుగురు. ఆఫీసర్ల కాలనీ నుంచి వచ్చే కోస్తా పిల్లలు నలుగురు, బొగ్గు కోసి రిటైరైన ఒక కాక, ఇప్పుడు ఈ డంపర్ ఆయన. కాకకు చిలుకలంటే పిచ్చి. దగ్గుకుంటూ చిలుకలే గీసేవాడు. "ముప్పై ఏండ్లు నల్లటిదే సూసిన, ఇగ పచ్చటిది సూడనియ్యి," అనేవాడు.

మొదటి రోజు డంపర్ ఆయనకు కూడా చిలుకనే ఇచ్చాను. సీసాల మీద రంగు పేర్లుంటాయి కదా, చదువుకుని సరిగానే వేశాడు. రెండో వారం రంగులు ముందే పళ్ళెంలో పోసి ఉన్నాయి. ఆ రోజు చిలుక ఎర్రగా దిగింది.

"ఏంది తమ్మీ, నీ చిలుకకు జరమొచ్చిందా?" అన్నాను.

"గోలీ ఎయ్యి సారూ, తగ్గుతది," అన్నాడు కాక.

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయన బొమ్మనోసారి, మా ముఖాలనోసారి చూశాడు. మేమెందుకు నవ్వుతున్నామో ఆయనకు తెలియలేదు. ఆ చూపు అప్పుడే నాకు అర్థం కావలసింది. నవ్వించిన సంబరంలో ఉన్నాను. నాకు ఎదుటివాళ్ళు నవ్వితే ఇంకేమీ కనబడదు.

మూడో వారం క్లాసు అయిపోయాక ఆయన లేవలేదు. అందరూ పోయాక చెప్పాడు.

"నాకు ఎరుపు, ఆకుపచ్చ ఒక్కతీర్గనే కొడ్తయన్నా. సిన్నప్పటి సంది."

"మరి డంపరెట్ల నడుపుతున్నవ్? మెడికల్‌ల పట్టుకోరా?"

మెడికల్ అంటే కొన్నేళ్ళకోసారి గని మనుషులకు చేసే పరీక్ష. అందులో కళ్ళకు ఒక పుస్తకం ఉంటుంది. పేజీ నిండా రంగు చుక్కలు, ఆ చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. రంగులు తెలిసినవాడికే అంకె కనబడుతుంది.

"ముంగట పొయ్యొచ్చినోల్లను అడుగుతుంటి. మొదటి పేజీ పన్నెండు, రెండోది ఎనిమిది, గిట్ల. ఎక్కాలు సదివినట్టు సదువుకొని పోతుంటి. గీసారి పుస్తకం లేదట. కంప్యూటర్ల సూపెడ్తరట. ఒకలకు సూపిన వరస ఇంకొకలకు సూపదట."

"గని లోపట ఎర్రలైటు, పచ్చలైటు ఎట్ల తెలుస్తది?"

"లైటు జాగను బట్టి. మీదిది ఎరుపు, కిందిది ఆకుపచ్చ. మట్టి వోసే కాడ జెండాలు పట్టుకొని ఒకడు నిలవడ్తడు. కుడిచేతిల పచ్చజెండా, ఎడమచేతిల ఎర్రజెండా. చెయ్యిని సూసి నడుపుత."

మిగతాది కూడా చెప్పాడు. వానాకాలంలో జెండాల దగ్గరికి కొత్త మనిషి వచ్చాడట. కుడిచేతికి దెబ్బ తగిలి కట్టు కట్టుకున్నాడు. ఎక్కువగా ఎత్తాల్సింది పచ్చజెండా కాబట్టి దాన్ని ఎడమచేతికి మార్చుకున్నాడు. ఆగమని ఎర్రజెండాను కుడిచేత్తో అంతంతమాత్రంగా ఎత్తాడు. ఈయన రమ్మంటున్నాడనుకుని బండిని వెనక్కి పోనిచ్చాడు. వెనక టైర్లు అంచున పోసిన మట్టికట్ట ఎక్కాయి. కట్ట అవతల లోయ. జెండా మనిషి కట్టకూ టైరుకూ మధ్య నుంచి ఎగిరి పక్కన పడ్డాడు.

"ఆడు లేసి నన్ను తిట్టిండు. తాగినవా అన్నడు. అవునన్న. ఇంకేం జెప్పాలె."

ఆయనకు తన ఉద్యోగం గురించి ఎంత భయమో, ఆ జెండా మనిషి గురించి కూడా అంతే భయం. రెండింటికీ ఒకటే మందనుకున్నాడు: రంగులు నేర్చుకోవాలి. బొమ్మలు వేసేవాడికి రంగులన్నీ తెలుస్తాయి, అడిగితే నేర్పుతాడు. ఆయన లెక్క అంతే.

ఇంకో దారి కూడా ఉందని ఆయనే చెప్పాడు. తన కళ్ళు బాగాలేవని, బండి మీద నుంచి తీసి వేరే పని ఇవ్వమని తనంతట తానే రాసిస్తే స్టోర్‌లోనో, లైట్ల గదిలోనో వేస్తారట. పరీక్ష తారీఖుకు ఐదు రోజుల ముందు దాకా ఆ కాగితం తీసుకుంటారు. పరీక్షలో దొరికిపోతే మాత్రం ఇన్నేళ్ళూ ఎట్లా దాటావని అడుగుతారు. ఆ అడగడం ఎక్కడికి పోయి ఆగుతుందో ఎవరికీ తెలియదు.

"రాసియ్యరాదు?" అన్నాను.

"డంపర్ ఇడ్సి స్టోర్ల నట్లు బోల్టులు లెక్కవెట్టాల్నా అన్నా? సూద్దాం. నువ్వైతే నేర్పు."

నేర్పలేనని చెప్పవలసింది. పుట్టుకతో వచ్చింది పోదని మా ఇంట్లోనే తెలుసు. నా భార్య ఆ మాటే అని, పైగా అడిగింది.

"కండ్ల డాక్టరును అడుగరాదు ఒక్కపారి?"

"డాక్టరు కాదంటడు. నేను ఏబీసీడీలు రాకుండ ఇంగ్లీషు బోర్డులు రాయలేదా?"

"నీకు అన్నొస్తయి గని, ఊకునుడొక్కటి రాదు," అంది.

ఆమె అన్నది నిజం, ఊరుకోవడం నాకు రాదు. కానీ ఇంకో సంగతుంది, అది ఆమెకు కూడా చెప్పలేదు. నా దగ్గరికి అందరూ పొద్దుపోక వచ్చారు. నేను నేర్పకపోతే బతుకు ఆగిపోతుందని వచ్చినవాడు ఈయనొక్కడే. నాకది తలకెక్కింది.

ఫోనులో ఆ చుక్కల పేజీలు చూసి, అట్టముక్కల మీద నేనే గీయడం మొదలుపెట్టాను. ఒక్కో అట్టకు వందల చుక్కలు. ఎర్ర చుక్కల మధ్య ఆకుపచ్చ చుక్కలతో ఐదంకె, ఆకుపచ్చ చుక్కల మధ్య ఎర్ర చుక్కలతో ఏడంకె. రెండు రంగుల్లో ఒకటి లేతగా, ఒకటి ముదురుగా ఉంటే మోసం అవుతుందని, కళ్ళు సగం మూసి చూసి, రెండూ ఒకే వన్నెకు వచ్చేదాకా తెలుపు కలిపేవాణ్ణి. అంత జాగ్రత్తపడ్డాను. నా దగ్గరున్న ఆకుపచ్చ పాత పొడి. అట్టకు అంటక రాలిపోతుంటే తుమ్మబంక నీళ్ళలో నానబెట్టి కలిపాను. ఎరుపు కొత్తది, దానికి బంక అక్కర్లేదు. ఇరవై అట్టలు తయారయ్యాయి.

మొదటి నెల ఇరవైలో రెండో మూడో చెప్పేవాడు, అవీ గుడ్డిగా. "మల్ల సూడు," అనేవాణ్ణి. "ఎరుపును సూస్తే ఒంట్ల యేడి పుట్టాలె, ఆకుపచ్చను సూస్తే సల్లవడాలె," అని ఏవేవో చెప్పేవాణ్ణి. పాపం, కళ్ళు మూసుకుని ఒంట్లో వేడి వెతుక్కునేవాడు. రెండో నెలలో ఎనిమిది. మూడో నెలలో ఒక ఎండపూట కిటికీ పక్కన కూర్చుని పద్దెనిమిది చెప్పాడు. వరస మార్చి ఇచ్చాను. మళ్ళీ పద్దెనిమిది. కాక చిలుకను పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

"సారూ, నువ్వు గుడ్డోనికి కూడ సూపు తెప్పిస్తవు," అన్నాడు.

ఆయన మరుసటి వారం గంపెడు సీతాఫలాలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. నేను వీధి వీధంతా చెప్పుకున్నాను. విషయం చెప్పకూడదు కాబట్టి "ఒకాయనకు రానిది రప్పించిన" అని మాత్రం చెప్పుకున్నాను.

తర్వాతి ఆదివారం మబ్బు పట్టింది, కరెంటు లేదు. ఆ రోజు నాలుగు చెప్పాడు. వెలుతురు లేదు, ఎవరికి మాత్రం కనబడతాయి అన్నాను. కానీ నాకు కనబడుతున్నాయి. కాకకు కూడా, పొరలు కమ్మిన కళ్ళతోనే, కనబడుతున్నాయి.

పరీక్ష ఇక తొమ్మిది రోజులుందనగా, ఫస్ట్ షిఫ్టు దిగి మధ్యాహ్నం ఒక్కడే వచ్చాడు. మంచి ఎండ. అట్ట చేతికిచ్చి ఈసారి అట్టను కాకుండా ఆయన్ని చూశాను. అట్టను కిటికీ వైపు కొంచెం వంచాడు. ఇంకొంచెం వంచాడు. "ఏడు," అన్నాడు. సరైనదే. నేను ఆయన వెనక్కి వెళ్ళి, ఆయన తల పక్కనే తల పెట్టి చూశాను. వంచిన అట్ట మీద ఆకుపచ్చ చుక్కలన్నీ సన్నగా మెరుస్తున్నాయి. ఎర్రవి మెరవడం లేదు. తుమ్మబంక.

మూడు నెలలుగా ఆయన చదివింది నా బంకను.

మోసం చేయలేదు ఆయన. తన కళ్ళకు తేడా ఎక్కడ దొరికితే దాన్నే రంగు అనుకున్నాడు. ఎరుపంటే ఏమిటో, ఆకుపచ్చంటే ఏమిటో ఎన్నడూ చూడని మనిషికి, మెరిసేదే ఆకుపచ్చ అంటే నమ్మడా. ఇదన్నమాట అందరూ చూసేది అనుకుని ఉంటాడు.

నిజమో కాదో చూద్దామని, ఆయన్ని టీ తాగమని లోపల కూర్చోబెట్టి, వెనక గదిలో ఒక కొత్త అట్ట, చిన్నది, గబగబా గీశాను. రెండు రంగుల్లోనూ బంక కలిపాను. ఆరబెట్టి తెచ్చి ఇచ్చాను. వంచాడు. ఇటు వంచాడు, అటు వంచాడు. కిటికీ దాకా నడిచాడు.

"గిండ్ల ఏం లేదు గదన్నా," అన్నాడు.

అందులో ఇంత లావు మూడంకె ఉంది.

అప్పుడు నా నోట వచ్చిన మాట ఇది: "గది నేనే తప్పు గీసిన తమ్మీ. రంగు కలవలే. ఇటియ్యి."

ఎందుకట్లా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. ఆయన ముఖం చూసి జాలిపడ్డాను అని చెప్పుకుంటే బాగుంటుంది. జాలి కాదు. కాక కొట్టిన చప్పట్లు, సీతాఫలాల గంప, వీధిలో చెప్పుకున్న గొప్పలు. నేర్పలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఎవరి లోపం మీదైనా జోకు వేయగల నోరు అది.

ఆయన అట్ట నా చేతికిచ్చి అడిగాడు.

"అన్నా, ఇంక నాలుగు దినాలుంది కాయిదం ఇయ్యనీకి. నువ్వు జెప్పు. రాసిస్తనా, పరీక్షకే పోతనా? నా కండ్లు నీకే ఎరిక."

"పో," అన్నాను. "పద్దెన్మిది సెప్పినోనివి, భయమెందుకు? అట్టలు తీస్కపొయ్యి ఇంట్ల సదువుకో."

పోయాడు.

కంప్యూటర్ తెరను ఎటూ వంచలేరు కదా. ఎవరికైనా కనబడే పన్నెండు అంకె తప్ప ఒక్కటీ చెప్పలేదు. పాత పరీక్షల కాగితాలు తీశారు. అన్నింట్లో రంగులు బాగా కనబడుతున్నట్టే రాసి ఉంది. ఎట్లా అని అడిగారు. ఈయన దాచకుండా చెప్పాడు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టారు. తర్వాత ఆపరేటర్ గ్రేడు తీసేసి, బొగ్గును లారీల్లోకి, రైలు పెట్టెల్లోకి ఎక్కించే చోట మజ్దూరుగా వేశారు. బొగ్గు మోసే బెల్టు కింద రాలిన తుక్కును పారతో ఎత్తి మళ్ళీ బెల్టు మీద వేయాలి. నడుము వంచి నిలబడే ఎత్తు మాత్రమే ఉంటుంది. రూలు ప్రకారమే చేశారు. వాళ్ళను అనడానికి ఏమీ లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆయన ఆ పరీక్ష దాటి ఉంటే ఏమయ్యేది? ఆ రోజు "పో" అన్నప్పుడు నాకు ఆయనా నేనే గుర్తున్నాం. చేతికి కట్టు కట్టుకుని జెండాలు పట్టుకున్న మనిషి ఒక్క నిమిషం కూడా గుర్తుకు రాలేదు. పరీక్ష ఫలితం తెలిసిన మూడో రోజు అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చాడు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచాను.

ఆయన క్లాసుకు రావడం మానేశాడు. కాక అడిగితే షిఫ్టులు కుదరడం లేదట అన్నాను. నెలన్నర తర్వాత ఆ బెల్టుల దగ్గరే గోడ రాయడానికి నన్ను పిలిచారు. మధ్యాహ్నం గేటు పక్క టీ కొట్టు దగ్గర కనబడ్డాడు. కనురెప్పల మీద కూడా బొగ్గు దుమ్ము. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నా, నీ దగ్గరికి రావాలంటే మొఖం చెల్లలే," అన్నాడు.

"నీకెందుకు చెల్లదు?"

"అంత కష్టవడి నేర్పితివి. ఇంట్ల ఇప్పటికి సూడు, ఆ అట్టలు తీస్తే టకటక జెప్త. గాడ కూసోంగనే బెదిరిన. బెదిరెవరకు అన్ని మర్సిపోయిన. నీ పేరు కరాబు జేసిన."

రెండు టీలు వచ్చాయి. ఆయన ఒక గ్లాసు ముందు నాకు అందించాడు. తన వేళ్ళ మసి అంటకుండా అంచు పట్టుకుని అందించాడు.

చెప్పకుండా ఉండవచ్చు. ఆయనకు అనుమానం లేదు. బతికినన్నాళ్ళూ తానే భయపడ్డాననుకుంటాడు, నన్ను గురువని అనుకుంటాడు. అందుకే చెప్పాను. బంక సంగతి చెప్పాను. అట్టను వంచడం చెప్పాను. మూడంకె ఉన్న కొత్త అట్ట సంగతి చెప్పాను. గబగబా చెప్పాను, మధ్యలో ఆగితే మిగతాది మింగేస్తానని.

ఆయన తన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అంటే నాకు రంగులు కనవడలేదా?" అన్నాడు. "ఆ మూడు నెల్లు."

"లేదు తమ్మీ."

"మరి నేను సూసిందేంది?"

"బంక మెరుపు."

తలూపాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండనిపించింది. మళ్ళీ అడిగాడు.

"నీకెన్నడు ఎరికైంది?"

"పరీక్షకు తొమ్మిది రోజుల ముంగట."

"నేను మధ్యాన్నం ఒక్కన్నే వస్తి, ఆనాడా?"

"ఆనాడే."

"గప్పుడే అడిగితి గదన్నా నిన్ను. కాయిదానికి ఇంక నాలుగు దినాలుండె."

లోపల బెల్టు నడవడం మొదలైంది. ఆయన చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కొట్టువాడికి ఇచ్చి, పార తీసుకుని గేటు లోపలికి పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. బెల్టు కిందికి దూరడానికి నడుము వంచడం దూరం నుంచే కనబడింది. నేను గోడ దగ్గరికి పోయి, రంగు డబ్బాలు మూసేసి, షేర్ ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

ఆ ఆదివారం క్లాసు పెట్టలేదు. తర్వాతి ఆదివారం పెట్టాను. నాకు వేరే పని రాదు.